మూడు గడుల నోటుబుక్కు

నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల మండీలో గుమాస్తాను. మా సీమ మాటలో చెప్పాలంటే ఎర్రగడ్డలు. పొద్దున యార్డులో అడుగు పెట్టినప్పటి నుంచి నా చేతిలో ఉండేది కలమే. ఎన్ని బస్తాలు దిగినాయి, తూకం ఎంత, తరుగు ఎంత, హమాలీ ఎంత, ఆఖరుకు రైతు చేతికి వచ్చింది ఎంత, అంతా హిసాబ్ కితాబ్. ఇరవై ఏండ్లుగా ఇదే నా రోజీ. అందుకే మా మున్నాకు థెరపీ మొదలైన రోజు మేడమ్ నా చేతిలో రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టి "రోజూ లెక్క రాయాలి భాయ్" అంటే నాకు నవ్వొచ్చింది. ఎర్రగడ్డలకు లెక్క ఉంటుంది. పిల్లోనికి లెక్క ఏంది?

అప్పుడు వానికి నాలుగేండ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడేమోనని షక్ పడినాం. కానీ వంటింట్లో బిస్కెట్ పొట్లం చప్పుడైతే చాలు, పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. ఏదైనా కావాలంటే వేలు పెట్టి చూపించడు. మన మణికట్టు పట్టుకొని తీసుకపోయి, ఆ వస్తువు మీద మన చేయి పెట్టేవాడు, మన చేయి ఒక చెంచా అన్నట్టు. మాటలు లేవు. ఏదైనా తకలీఫ్ వస్తే కుడిచేతి వెనకభాగం కొరుక్కునేవాడు. కొరికి కొరికి ఆడ చర్మం నల్లగా, మందంగా కాయ కాసింది.

పరీక్షకు పోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో తయారైన ఒక కొలమానం వాడినారు. ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం అంటారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం కాదు. 106 దాకా అయితే తక్కువ, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. మావానికి 118 వచ్చింది. బడిలో ఎక్కువ మార్కులు వస్తే లడ్డూలు పంచుతారు. ఈ మార్కులు చూసి మున్నా అమ్మీ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

చుట్టాలు తలా ఒక మాట. నజర్ తగిలిందన్నారు. తావీజ్ కట్టించమన్నారు, కట్టించినాం. ఫోన్ చూపించి చూపించి చెడగొట్టినారన్నారు. మండీలో ఒకాయన నవ్వుతా "ఎర్రగడ్డల లెక్క రాసేవానివి, కొడుకును ఎర్రగడ్డకే తీసుకపో" అన్నాడు. హైదరాబాద్ ఎర్రగడ్డలో పిచ్చాసుపత్రి ఉందని తెలియనోళ్లు ఎవరున్నారు? ఆ రోజు తూకం రెండుసార్లు తప్పు రాసినా.

ఆ థెరపీ పేరు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్. అందరూ ఏబీఏ అంటారు. మందు కాదు, సూది కాదు. ఒక పని ఎందుకు జరుగుతోందో చూడడం, దాని ముందూ వెనకా మార్చడం, మార్పు వచ్చిందో లేదో లెక్కతో తేల్చుకోవడం. ఇంతే. దీంతో ఆటిజం పోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దని మేడమే మొదటి రోజు చెప్పింది. పోయేది కాదు, వాడు ఉన్నట్టే ఉంటాడు. వాని తకలీఫ్ తగ్గాలి, వానికి కావలసింది మనకు చెప్పగలగాలి. ఆ రెండింటి కోసమే ఈ మెహనత్.

మొదటి పాఠం, ఏది లెక్క పెట్టాలి అన్నది. నేను నోటుబుక్కులో "ఈరోజు గుస్సా ఎక్కువ చేసినాడు" అని రాసుకపోయినా. మేడమ్ కొట్టేసింది. "గుస్సా మీకు కనిపించిందా భాయ్? ఏం కనిపించిందో అది రాయండి" అంది. జిద్, గుస్సా, మొండితనం, ఇవన్నీ మనం వేసే పేర్లు. కంటికి కనిపించేది వేరే. చివరికి మేము రాసుకున్నది ఇది: "పండ్లు కుడిచేతి చర్మానికి తగలడం. తీసి, మూడు సెకన్ల తర్వాత మళ్లీ తగిలితే రెండోది." చదవడానికి ఎంత ఎండుగా ఉందో చూడండి. కానీ ఈ మాట చదివిన ఎవరైనా ఒకే తీరుగా లెక్క పెట్టగలరు. మండీలో "మంచి సరుకు" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. కిలోలు అంటే అందరికీ ఒకటే.

దానికీ పరీక్ష ఉంది. ఒక ఆదివారం నేనూ, మున్నా అమ్మీ ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్క పెట్టినాం. నాది 12, ఆమెది 10. చిన్న అంకెను పెద్ద అంకెతో భాగించి 100తో గుణిస్తే 83 శాతం. 80 దాటితే లెక్క నమ్మొచ్చన్నారు. కాటాకు రాయి సరిచూసుకోవడం లాంటిదే ఇది.

తర్వాత వారం రోజులు ఏమీ మార్చొద్దు, ఊరికే రాయండి అన్నారు. దీన్ని బేస్‌లైన్ అంటారు. 12, 9, 14, 11, 13, 10, 15. మొత్తం 84. రోజుకు పన్నెండు. నా కొడుకు రోజుకు పన్నెండు సార్లు తన చేయి తానే కొరుక్కుంటున్నాడని అంకెలో చూసినప్పుడు గుండె పిండినట్టయింది. ఇంకో సంగతి కూడా అయింది. అంతకు ముందు మాకు "ఎప్పుడూ కొరుక్కుంటాడు" అనే మాట ఒక్కటే తెలుసు. "ఎప్పుడూ" అన్నదానికి దవా లేదు. పన్నెండు అనేది రేపు పదకొండు కావచ్చు.

అన్నిటికీ ఇట్లా సార్లు లెక్కపెడితే సరిపోదు. ఏడుపును సార్లతో కాదు, ఎన్ని నిమిషాలు సాగింది అని రాయాలి. పేరు పిలిస్తే ఎన్ని సెకన్లకు తిరిగినాడు అన్నది ఇంకో రకం లెక్క. ఏ సరుకుకు ఆ కొలత.

రెండో వారం మేడమ్ పేజీని మూడు గడులుగా గీసి ఇచ్చింది. మొదటి గడి "ముందు ఏం జరిగింది", నడిమి గడి "వాడు ఏం చేసినాడు", మూడో గడి "తర్వాత ఏం జరిగింది". ఇంగ్లీషులో ఏ, బీ, సీ అంటారు. ఆంటిసిడెంట్, బిహేవియర్, కాన్‌సీక్వెన్స్. కొరికిన ప్రతిసారీ మూడు గడులు నింపాలి, టైము వేయాలి. మున్నా అమ్మీ పగలంతా రాసేది, సాయంత్రం నుంచి నేను రాసేవాణ్ణి.

ఐదు రోజులైనాక రాత్రి ఇషా అయినంక కూర్చొని పేజీలు తిరగేసినాం. మండీలో ఏ బస్తాలో తరుగు ఎక్కువ వస్తోందో పట్టినట్టు, ఏ గంటలో ఎక్కువ కొరుకుతున్నాడో చూస్తున్నా. సగం కంటే ఎక్కువ మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమనే ఉన్నాయి. ఆ గడుల్లో మొదటి గడి చూస్తే నా చేతి రాతే, ఒకే మాట మళ్లీ మళ్లీ. "అబ్బా ఇంటికి వచ్చినాడు. గడ్డం పట్టుకొని, సలాం చెప్పు బేటా అన్నాడు." దాని కింద, "అబ్బా మళ్లీ అడిగినాడు." మూడో గడిలో "వదిలేసినాం." కొన్ని చోట్ల మున్నా అమ్మీ రాతలో "అబ్బా చేతి మీద కొట్టినాడు."

చాలా సేపు ఇద్దరం మాట్లాడలేదు.

దినమంతా యార్డులో దుమ్ము తాగి ఇంటికొచ్చే నాకు ఉన్న ఒక్కటే ఆశ, కొడుకు నోట "అస్సలాము అలైకుం అబ్బా" అని ఒక్కసారి వినాలని. అందుకే వాని మొహం రెండు చేతులా పట్టుకొని నా వైపు తిప్పుకునేవాణ్ణి. నాకు అది ముహబ్బత్. వానికి అది మొహాన్ని పట్టుకొని, చేతకాని పని చెయ్యమని అడగడం. కొరుక్కుంటే నేను వదిలేస్తా. కాబట్టి కొరుక్కున్నాడు. వాడు తెలివైనోడే. నేనే వానికి కొరుక్కోవడం నేర్పినా.

చిన్నప్పుడు మద్రసాలో విన్న మాట యాదికొచ్చింది. మన రెండు భుజాల మీద కిరామన్ కాతిబీన్, రాసే ఫరిష్తాలు ఉంటారు. మంచీ చెడూ అంతా రాస్తుంటారు. కానీ ఈడు రాని పిల్లల మీది నుంచి కలం ఎత్తేసి ఉంటుందని కూడా హజ్రత్ చెప్పేవారు. అంటే మున్నా పేరు మీద ఏ గునాహ్ రాయడం లేదు. మరి ఈ నోటుబుక్కులో నేను రాస్తున్నది ఎవరి హిసాబ్? నడిమి గడి ఒక్కటే వానిది. ముందు గడి మనది. తర్వాత గడి కూడా మనదే. మూడింట్లో రెండు గడులు మావైతే, ఇన్నాళ్లూ మేము నడిమి గడిని మాత్రమే చూసి పిల్లోడు చెడ్డోడు అనుకున్నాం.

ఈ శాస్త్రంలో నాకు తెలిసిన అసలు సంగతి ఇదే. మిగతావన్నీ దీని నుంచి వచ్చినవే.

పిల్లలు ఇట్లాంటి పనులు చేయడానికి మామూలుగా నాలుగు కారణాలు చూస్తారు. మనం వాళ్ల వైపు చూడాలని, ఏదో వస్తువు కావాలని, ఏదో పని నుంచి తప్పించుకోవాలని, లేదా ఆ పనే ఒంటికి హాయిగా ఉండి. కొరుక్కోవడం చూసేవాళ్లకు ఒకటే, కారణం ఒక్కో పూట ఒక్కోటి. సాయంత్రం పూట మావానిది తప్పించుకోవడం. పగటి పూట కొన్ని ఫోన్ కోసం. కొరుక్కుంటే అమ్మీ భయపడి ఫోన్ ఇచ్చేది, అదీ మూడో గడిలో పడింది.

1985లో కార్, డ్యూరండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరిశోధన అచ్చు వేసినారు. పిల్లల అల్లరి వెనక ఉన్న మాట ఏదో కనిపెట్టి, ఆ మాటను వేరే దారిలో చెప్పడం నేర్పితే అల్లరి తగ్గిందని. మేడమ్ మాకు చెప్పింది అదే. "వాడు చేతిని కొరికి ఏం చెప్తున్నాడు భాయ్? నాకు వద్దు అంటున్నాడు. మీ ఇంట్లో వద్దు అనడానికి ఏమంటారు?"

ఇంకేమంటాం? నక్కో.

మా ఇంట్లో దఖనీ మాట్లాడతాం, గల్లీలో తెలుగు, వాని సెంటర్‌లో తెలుగులో కలిపిన ఇంగ్లీషు. ఒక గ్లాసు నీళ్లకు వాడు వినేది మూడు మాటలు. నానమ్మ పానీ అంటుంది, పక్కింటి అక్క నీళ్లు అంటుంది, టీచర్ వాటర్ అంటుంది. రెండు భాషలు వింటే పిల్లలు చెడిపోతారని కాదు. మాటలే రాని పిల్లోనికి మొదటి మాటలు నేర్పేటప్పుడు మాత్రం ఒక వస్తువుకు అందరూ ఒకటే మాట వాడితే సులువు. అందుకని కూర్చొని ఒక చిన్న ఫెహరిస్త్ రాసుకున్నాం: పానీ, నక్కో, బస్, ఔర్, దేవ్. తెలుగు మేడమ్ కూడా ఆ ఐదూ నేర్చుకుంది.

నక్కో నేర్పడం ఇట్లా చేసినాం. వానికి నచ్చని బెండకాయ ముక్క చూపిస్తే మొహం తిప్పుతాడు. ఆ క్షణంలో వాని అరచేయి పట్టి ముందుకు చాపించి, నేనే "నక్కో" అని, ముక్క వెంటనే తీసేస్తా. చాపినాడు, పోయింది. చాపినాడు, పోయింది. రెండు వారాలకు చేయి తానే చాపినాడు. నెలన్నరకు "నక్" అన్నాడు.

మా అబ్బాజాన్‌కు ఇది అస్సలు నచ్చలేదు. "పెద్దోళ్లు ఏమన్నా చెప్తే జీ అనాలి. నువ్వు పిల్లోనికి నక్కో అనడం నేర్పిస్తున్నావా రే? ఇదేం తర్బియత్?" అన్నారు. ఆయన తప్పు లేదు. మా ఇండ్లల్లో పెద్దోళ్లకు నక్కో అనడం బే-అదబీ. నేను వాని కుడిచేయి తీసుకొని ఆ నల్లటి కాయను చూపించినా. "ఇది కూడా నక్కోనే అబ్బాజాన్, మనకే అర్థం కాలేదు" అన్నా. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత వాడు చేయి చాపితే ఆయన కూడా ఆగడం చూసినా.

ఫోన్ విషయం అంత సులువుగా కాలేదు. కొరుక్కుంటే ఫోన్ ఇవ్వడం ఆపి, "దేవ్" అని చేయి చాపితేనే ఇవ్వడం మొదలుపెట్టినాం. నాలుగో రోజు 22 కొరుకులు. మున్నా అమ్మీ నోటుబుక్కు గోడకేసి కొట్టింది. మేడమ్ ముందే చెప్పింది, ఇన్నాళ్లూ పనిచేసిన దారి మూసుకుపోతే మొదట ఇంకా గట్టిగా తోసి చూస్తారు, తర్వాతే తగ్గుతుంది అని. ఆ పూటలు చేతికీ నోటికీ నడుమ మెత్తటి దిండు అడ్డం పెట్టేవాళ్లం. తగ్గింది. లెక్క రాయకుండా ఉంటే ఆ నాలుగో రోజే ఓడిపోయి ఫోన్ ఇచ్చేసేవాళ్లం, ఇంకా గట్టిగా కొరకాలని వానికి నేర్పేవాళ్లం. ఒక్క మాట మాత్రం చెప్పాలి. తల గోడకేసి కొట్టుకునే పిల్లలతో, రక్తం వచ్చేలా కొరుక్కునే పిల్లలతో ఇది తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఇంట్లో చేయొద్దు.

ఇక నేర్పే పద్ధతి. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పదిసార్లు చేయిస్తారు. డిస్క్రీట్ ట్రయల్ అంటారు. ముందు ఒక చిన్న మాట, "గ్లాస్ దేవ్". వాడు చేయకపోతే సాయం. చేసిన వెంటనే ఇనామ్. రెండు మూడు సెకన్లు ఆగి మళ్లీ మొదలు. ప్రతిదానికీ నోటుబుక్కులో ఒక గుర్తు. సొంతంగా చేస్తే "సొ", సాయంతో చేస్తే "సా", చేయకపోతే సున్నా. మొదటి వారం పదికి పది "సా". మూడో వారం మూడు "సొ". ఆరో వారం వరసగా మూడు రోజులు ఎనిమిది "సొ". అప్పుడు ఇంకో పనికి పోవాలి.

ఇనామ్ ఏమివ్వాలో కూడా మనం అనుకుంటే కాదు. రెండు రెండు వస్తువులు ముందు పెట్టి, వాడు దేని వైపు చేయి చాపుతాడో రాయాలి. చాక్లెట్, బొరుగులు, రబ్బరు బంతి, గిలక, అన్నీ పెట్టినాం. గెలిచింది ఏదో తెలుసా? నా చొక్కా జేబులోంచి పడిన ఎర్రగడ్డ పొట్టు. చేతిలో నలిపితే గరగరమంటుందే, ఆ చప్పుడు వానికి ప్రాణం. యార్డులో ఊడ్చి పారేసే పొట్టు. ఆ రోజు నుంచి ఒక కవరు నిండా తెచ్చేవాణ్ణి. ఎర్రగడ్డ అని నన్ను ఎగతాళి చేసినాయనే "ఎందుకయ్యా పొట్టు" అని అడిగితే, "మావానికి మిఠాయి" అన్నా.

సాయం ఎంత ముఖ్యమో, సాయం తీసేయడం అంతకంటే ముఖ్యం. నా చేయి వాని చేయి మీద, తర్వాత మోచేతి మీద, తర్వాత భుజం మీద, తర్వాత ఊరికే వేలితో చూపించడం, ఆఖరుకు ఏమీ లేకుండా. నేను ఒక దగ్గర ఆగిపోయినా. నా వేలు కదిలేదాకా వాడు కదిలేవాడు కాదు. నోటుబుక్కులో వరసగా పన్నెండు రోజులు "సా, సా, సా". వాడు ఎదగడం లేదనుకున్నా. మేడమ్ చూసి "ఎదగనిది మీ వేలు భాయ్, దాన్ని జేబులో పెట్టుకోండి" అంది. మళ్లీ మన గడే.

మాటకైతే చేయి పట్టి సాయం చేయలేం. అందుకని మొదట "ప" అన్నా సరే నీళ్లు, వారం తర్వాత "పా" అంటే, ఆ తర్వాత "పానీ". ఐదో నెలలో ఒక మధ్యాహ్నం మున్నా అమ్మీ యార్డుకు ఫోన్ చేసి ఏడ్చింది. భయపడి పరిగెత్తబోయినా. "పానీ అన్నాడు, పూరా అన్నాడు" అంది.

ఆ ఖుషీలో కడప పోయినాం, వాళ్ల నానీ ఇంటికి. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సు. దారి పొడవునా వాడు పానీ పానీ అంటూనే ఉన్నాడు. నానీ ఇంట్లో గడప దాటంగానే ఒక్క మాట లేదు. మూడు రోజులు నోటుబుక్కులో సున్నాలు. నేర్చుకున్నదంతా పోయిందని మున్నా అమ్మీ దిగులు పెట్టుకుంది. నేను మూడు గడులు గీసినా. మొదటి గడి నింపుతుంటేనే అర్థమైంది. అక్కడ అడగవలసిన పనే లేదు. నానీ వాని పెదవులు ఎండకముందే గ్లాసు పట్టుకొని నిలబడుతుంది. ఆకలి కాకముందే ముద్ద. అడగకముందే అన్నీ ఇచ్చే ఇంట్లో మాట ఎందుకు?

ఇంకో కారణమూ ఉంది. వాడు నేర్చుకున్నది "కర్నూలులో, అమ్మీ చేతిలోని స్టీలు గ్లాసును చూసి పానీ అనడం". కడపలో గాజు గ్లాసు, వేరే చేయి. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు ఈ శాస్త్రానికి ఏడు లక్షణాలు రాసినారు. అందులో ఒకటి ఇదే. నేర్పింది వేరే చోట, వేరే మనుషుల దగ్గర, వేరే రోజున కూడా నిలబడాలి. దానంతట అది నిలబడదు, నిలబెట్టాలి. రకరకాల గ్లాసులు, రకరకాల చేతులు, రకరకాల ఇండ్లు.

అందుకని నానీకి చెప్పినా, "అమ్మీ, గ్లాసు చూపించి ఐదు సెకన్లు ఆగండి, వాడు అడుగుతాడు." ఆమె మొహం ఎర్రగా అయింది. "పసిపిల్లోనికి నీళ్లు ఆపమంటారా బేటా? కర్బలా చేస్తారా నా ఇంట్లో?"

నా దగ్గర జవాబు లేదు. మొహర్రంలో నీళ్లు, షర్బత్ పంచే ఇండ్లు మావి. దాహంతో ఉన్న పిల్లోని ముందు గ్లాసు పట్టుకొని ఆగడం ఎట్లా ఉంటుందో ఆమె ఒక్క మాటలో చెప్పింది. మేడమ్‌కు ఫోన్ చేసినా. ఆమె ఏ వాదనా చేయలేదు. "ఆమె చెప్పింది నిజం. దాహం మీద ఎప్పుడూ నేర్పొద్దు. కడుపు నిండా తాగినాక, ఆటలో, ఇంకో రెండు గుక్కల కోసం ఐదు సెకన్లు ఆగండి. అడగకపోయినా ఇచ్చేయండి" అంది. ఆ రోజు నోటుబుక్కు అట్ట లోపల రాసుకున్నా: నీళ్లు, అన్నం, అమ్మీ ఒడి. ఈ మూడూ ఇనామ్ కాదు, హక్కు. నానీ ఐదు సెకన్లకు ఒప్పుకుంది. ఆమె ఐదు మూడు సెకన్లకే అయిపోయేది. ఫర్వాలేదు. పెద్ద దర్గాకు పోయి ఆమె తన దువా తాను చేసుకుంది, నేను నా లెక్క రాసుకున్నా. పోయే ముందు రోజు, గాజు గ్లాసు చూసి "పానీ" అన్నాడు. అందులో ఎవరి వాటా ఎంతో నేను పంచలేను.

వజూ కూడా ఇట్లాగే నేర్పుతున్నాం. ముంజేతుల నుంచి కాళ్ల దాకా ఎనిమిది మెట్లుగా రాసుకున్నాం. మొదటి మెట్టు నుంచి కాకుండా ఆఖరి మెట్టు నుంచి మొదలు. అన్నీ నేను చేయిస్తా, ఎడమ కాలు మాత్రం వాడు కడుక్కుంటాడు. అయిపోయింది, షాబాష్. అది వచ్చినాక కుడి కాలు కూడా వానిదే. ఇట్లా వెనక నుంచి ముందుకు. దీంట్లో ఉన్న లాభం, ప్రతి రోజూ పని ముగించింది తానే అని వానికి అనిపిస్తుంది. ఇప్పటికి ఐదు మెట్లు వచ్చినాయి. నీళ్లు ఒంటి మీద కంటే నేల మీదే ఎక్కువ.

ఈ థెరపీ మీద కోపం ఉన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాట చెప్పకపోతే నా హిసాబ్ తప్పవుతుంది. 1987లో అమెరికాలో ఈవార్ లోవాస్ అనే ఆయన 19 మంది చిన్న పిల్లలకు వారానికి 40 గంటలు పైగా ఇట్లా నేర్పి, వాళ్లలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి బాగా చదివినారని రాసినాడు. ఈ 40 గంటల అంకె అక్కడి నుంచే ఊరూరూ తిరిగింది. పిల్లలను చీటీ వేసి రెండు గుంపులుగా విడదీయలేదని ఆ పరిశోధన మీద ఆక్షేపణలు వచ్చినాయి. అంతకంటే బాధ ఏమంటే, ఆ పద్ధతిలో గట్టిగా అరవడం, అప్పుడప్పుడు తొడ మీద దెబ్బ కూడా ఉండేవి. అట్లాంటి బోధనలో పెరిగిన ఆటిజం ఉన్న పెద్దలు ఎందరో ఇప్పుడు మాట్లాడుతున్నారు. కండ్లలోకి చూడమని బలవంతం చేసినారు, చేతులు ఊపితే పట్టి ఆపినారు, చెప్పిందల్లా చేయడమే మంచితనమని నేర్పినారు అంటున్నారు. దెబ్బ సంగతి చదివినప్పుడు నాకు మున్నా అమ్మీ రాసిన ఆ గడి కనిపించింది: "అబ్బా చేతి మీద కొట్టినాడు." లోవాస్‌ను తప్పుపట్టేంత ఎత్తులో నేను లేను.

అందుకే లెక్క పెట్టనివి కూడా కొన్ని రాసుకున్నాం. ఖుషీగా ఉంటే మున్నా రెండు చేతులూ పావురం రెక్కల్లా ఊపుతాడు. దాన్ని ఆపించమని చాలామంది అన్నారు, నలుగురిలో బాగుండదని. దాంతో వానికి తకలీఫ్ లేదు, ఇంకెవరికీ దెబ్బ లేదు. బాగుండనిది చూసేవాళ్ల ఇజ్జత్‌కు. దానికి మా నోటుబుక్కులో గడి లేదు. కండ్లలోకి చూడడానికీ లేదు. వారానికి 40 గంటలూ లేవు. మా కూలి బతుకుల్లో అది కుదరదు, కుదిరినా వానికి ఆడుకోవడానికి టైము కావాలి. రోజుకు మూడు పూటలు, పూటకు ఇరవై నిమిషాలు. మిగతాదంతా అన్నం తింటూ, నీళ్లు తాగుతూ, మేడ మీద పావురాలను చూస్తూ.

ఇప్పుడు మున్నాకు ఐదున్నర. కొరుకుడు పోయిన నెలలో సగటున రోజుకు రెండు. కాయ మెత్తబడింది. మాటలు పద్నాలుగు. వాటిలో ఎక్కువసార్లు వాడేది నక్కో. సలాం ఇంకా చెప్పలేదు.

నేను అడగడం మానేసినా. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గడప పక్కన నేల మీద కూర్చుంటా. పోయిన జుమ్మా నాటి పేజీలో ఇట్లా ఉంది. మొదటి గడి: "అబ్బా వచ్చినాడు. ఏమీ అడగలేదు." నడిమి గడి: "వచ్చి పక్కన కూర్చున్నాడు. జేబులో చేయి పెట్టి పొట్టు తీసుకున్నాడు." మూడో గడి నేను నింపలేదు. నింపడానికి చేయి ఖాళీగా లేదు, వాని తల దాని మీద ఉంది.

ఇట్లాంటి పిల్లలున్న ఇండ్లు మన మొహల్లాల్లో చాలా ఉన్నాయి, తలుపులు వేసుకొని ఉన్నాయి. దాచుకోవద్దు. 2016 చట్టంలో ఆటిజం పేరు ఉంది, సర్టిఫికెట్ వస్తుంది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, అడగండి. పెద్ద ఊరికి పోయే తాకత్ ఇవాళ లేకపోతే, ముందు ఒక నోటుబుక్కు కొనండి. పేజీకి మూడు గడులు గీయండి. ఐదు రోజులు నిజం రాయండి, మీ మీద కూడా. తర్వాత మొదటి గడీ మూడో గడీ చదవండి. నడిమి గడి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

దువాల్లో మా మున్నాను యాది పెట్టుకోండి.